ముగ్గు మీద నూనె చుక్క

కారున్న పెద్దమనిషికి ఇంజన్ గురించి చెప్పడం కంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడం నయం. చెవిటివాడు కనీసం మన బుగ్గలు ఉబ్బడం చూసి, వీడెవడో పాపం కష్టపడుతున్నాడని జాలిపడతాడు. పెద్దమనిషి వాచీ చూసుకుంటాడు. కరీంనగర్‌లో పాతికేళ్లు డీజిల్ మెకానిక్ పని చేసి నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇదే. రెండో సంగతి ఇంకా చేదుది. దాని గురించే రాస్తున్నాను.

మాది మగ్గాల ఇల్లు. అన్నలిద్దరూ పవర్‌లూముల మీద పనిచేస్తూ పొద్దస్తమానం ఆ చప్పుడులో ఉండి, ఇంటికొచ్చి మామూలు మాట కూడా అరిచి చెప్పేవాళ్లు. నాకు ఆ బతుకు వద్దనిపించి ఇంజన్ల పనిలో చేరాను. చప్పుడు తప్పుతుందని చేరినవాడిని, ఎంత తెలివైనవాడినో మీరే అర్థం చేసుకోండి. లారీలతో మొదలుపెట్టాను, ట్రాక్టర్లు చేశాను, జీపులు చేశాను. తొంభైల్లో టర్బో ఉన్న డీజిల్ కార్లు అక్కడొకటి ఇక్కడొకటి రావడం మొదలైతే, ఊళ్లో వాటి మీద చేయి వేయగలిగిన వాడిని నేనొక్కడినే అని చెప్పుకుని తిరిగాను. చెప్పుకోవడంలో నేనేమీ వెనకబడలేదు.

అలాంటి కారు ఒకటి మా రైస్ మిల్లు పటేల్ కొన్నాడు. ఆయన భూములు చొప్పదండి దిక్కు, మిల్లు సుల్తానాబాద్‌లో, ఇల్లు కరీంనగర్‌లో. ఊళ్లో కోటల్లాంటి గడీలు వదిలి టౌనుకొచ్చిన వాళ్లందరిలాగే ఆయన కూడా గడీని వెంట తెచ్చుకోలేక, దాని గర్వాన్ని మాత్రం మూట కట్టుకుని తెచ్చుకున్నాడు. తెల్లటి కారు. దాన్ని తోలడానికి పాత డ్రైవరే. ఆ డ్రైవరు అరవై తొమ్మిదిలో పటేల్ తండ్రి దగ్గర జీపు మీద చేరినవాడు. తెల్లటి మీసాలు, ఇస్త్రీ లేని ఖాకీ చొక్కా, గేరు మార్చితే పక్కన కూర్చున్నవాడికి తెలియని చేయి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాడిని. పటేల్ మాత్రం తనకంటే పెద్దవాడైన ఆ మనిషిని ఒరేయ్ అనేవాడు. అదేం తప్పని ఆయనకు ఏనాడూ తోచలేదు.

హైదరాబాద్ షోరూం నుంచి బండితో పాటు ఒక ఇంజనీరు వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు, గోళ్లలో ఒక్క నలుసు మసి లేదు. నేను ఎవరి గోళ్లు చూసైనా ఆ మనిషి పనితనం చెప్పేవాడిని. ఆయన డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు చూపించి, "సెన్సర్ ఉంది సార్. ప్రెషర్ తేడా వస్తే లైటు వెలుగుతుంది. అది వెలగనంతవరకు మీరు నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు. పటేల్‌కు ఆ మాట వేదవాక్యమైపోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ ఆరిపోయి ఉన్న లైటును చూపించేవాడు. వెలగని దీపాన్ని అంత మురిపెంగా చూపించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నాలుగు ముక్కలు ఇంజన్ గురించి చెప్పాలి. వాచీ చూసుకోకండి. ఇంజన్‌లో మంట పిస్టన్ పైన మండుతుంది. ఎంత కొత్త ఇంజన్ అయినా ఆ మంట గాలి కొంచెం పిస్టన్ పక్కల సందుల్లోంచి కిందికి, నూనె ఉండే చాంబరులోకి జారుతుంది. అక్కడ అది పోగుపడకూడదు. అందుకే బయటికి ఒక పైపు పెడతారు, దాన్ని మేం బ్రీదర్ అంటాం. ఈ కారుకు ఆ పైపు ఇంజన్ వెనక నుంచి కిందికి వేలాడుతూ ఉండేది. గాలితో పాటు కాసింత నూనె తుంపర కూడా వస్తుంది. బండి నిలిపితే రెండు చుక్కలు నేల మీద పడతాయి. పసిపిల్లవాడి నోట్లోంచి చొంగ కారినట్టు. అది జబ్బు కాదు, ఆరోగ్యం.

టర్బో ఉన్న బండికి ఇది ఇంకా ముఖ్యం. టర్బో గిర్రున తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని తోస్తుంది. దాని ఇరుసుకు నూనె కావాలి. ఆ నూనె పని చేసి తన బరువుతో తానే చాంబరులోకి దిగిపోతుంది. చాంబరులో గాలి బిగుసుకుని ఉంటే దిగలేదు. దిగలేని నూనె ఇరుసు పక్కల నుంచి గాలి పైపులోకి వెళుతుంది. డీజిల్ ఇంజన్‌కు నూనె అయినా ఒకటే, డీజిల్ అయినా ఒకటే. తాగేస్తుంది. తాగడం మొదలుపెడితే తాళం చెవి తిప్పినా ఆగదు, ఎందుకంటే తాళం చెవి ఆపేది డీజిల్‌ను. ఇదంతా నాకు తెలుసు. నాకు తెలుసన్నది బాగా గుర్తుపెట్టుకోండి.

పటేల్ ఇంట్లో వాళ్ల అవ్వ, అంటే ఆయన తల్లి, ఉండేది. డెబ్బై దాటిన మనిషి. తెల్లారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లించి, ముగ్గు మాత్రం తనే వేసేది. ఇంటికి కోడళ్లు, పనివాళ్లు ఎందరున్నా ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు. కారు నిలిపేది ఆ వాకిట్లోనే. రోజూ పొద్దున ముగ్గు పడేది, రోజూ డ్రైవరు మిల్లు నుంచి వచ్చి బండి నిలిపితే ముగ్గు మధ్యలో రెండు నల్ల చుక్కలు పడేవి. కారు కొన్న నెలకే ఆ ఇంట్లో ఇది పెద్ద పంచాయితీ అయింది. బండిని గేటు బయట నిలిపితే సరిపోయేది. కానీ గేటు బయట నిలిపితే బండి మనదని పక్కింటివాళ్లకు ఎలా తెలుస్తుంది? కనుక గేటు లోపలే నిలపాలి, ముగ్గూ ఉండాలి, చుక్కా పడకూడదు. పెద్దవాళ్ల లెక్కలు ఇలాగే ఉంటాయి, ఇంజన్ తన ధర్మం మార్చుకోవాలి గానీ వాళ్లు బండి పదడుగులు జరపరు.

పటేల్ మనవడికి బాసరలో అక్షరాభ్యాసం చేయించాలని ముహూర్తం పెట్టుకున్నారు. దానికి మూడు రోజుల ముందు నన్ను పిలిపించారు. అవ్వ గడప మీద కూర్చుని ఉంది.

"కొడుకా, సదువులమ్మ దగ్గరికి పోయేటప్పుడు వాకిట్ల ముగ్గు మీద నల్ల సుక్క పడితే ఎట్లనయ్యా? పిలగానికి మంచిదా అది? గా నూనె కారుడు జర బందు పెట్టు" అంది.

నేను బ్రీదర్ సంగతి చెప్పాను. అది కారాలని, కారకపోతే ప్రమాదమని చెప్పాను. పటేల్ వాచీ చూసుకున్నాడు.

"కొత్త బండి, మిస్త్రీ. కొత్త బండి కారుడేంది? నీతోని కాదంటే చెప్పు, హైదరాబాద్ నుంచి ఇంజనీరును పిలిపిస్త" అన్నాడు.

"కాదని కాదు పటేలా, మూస్తే చాంబర్ల గాలి నిండుతది."

"నిండితే లైటు ఎలుగుతది గద. సెన్సర్ ఎందుకున్నది మరి?"

"అది నూనె ఒత్తిడి చూసే లైటు. చాంబర్ల గాలి ఒత్తిడి చూడది."

"ఒత్తిడంటే ఒత్తిడే గదనయ్యా. నీకు రాకుంటే రాదని చెప్పు."

రాదని చెప్పు అన్నాడు. అక్కడ పడ్డాను నేను. పటేల్ తిట్టి ఉంటే వెనక్కి తిరిగి వచ్చేవాడిని. బతిమాలి ఉన్నా వచ్చేవాడినేమో. రాదా అంటే మాత్రం నా ప్రాణం ఒప్పుకోలేదు. ఊళ్లో టర్బో తెలిసింది నాకొక్కడికే అని చాటుకున్నవాడిని. నా డబ్బాలో మా అన్నల దగ్గరి నుంచి తెచ్చుకున్న కట్టె కండెలు ఉండేవి. నూలు చుట్టే కండె ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉంటుంది, విప్పిన పైపుల్లో దుమ్ము పడకుండా బిగించి పెట్టడానికి దాన్ని మించింది లేదు. ఒక కండెకు గుడ్డ చుట్టి, బ్రీదర్ పైపులో దిగ్గొట్టి, పైన క్లిప్పు బిగించాను. బాసర నుంచి రాగానే తీసేస్తానని పటేల్‌కు చెప్పాను. ఆయన అప్పటికే ఇంట్లోకి వెళ్లిపోయాడు. అవ్వ నా తల మీద చేయి పెట్టి సల్లగుండు బిడ్డా అంది. డ్రైవరు ఆ రోజు మిల్లు దగ్గర ఉన్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. బండి తోలేవాడికి చెప్పాలన్న ఆలోచన పటేల్‌కు రాదు సరే, నాకూ రాలేదు.

మూడు రోజులు ముగ్గు తెల్లగా ఉంది. ఊళ్లో నడిచినంతసేపు బండికి ఏమీ కాలేదు. నాకే నా మీద గౌరవం పెరిగింది. మిస్త్రీ వెంట ఉంటే ఫికర్ ఉండదని పటేల్ నన్ను కూడా బాసరకు రమ్మన్నాడు. ముందు సీట్లో పటేల్, వెనక అవ్వ, పిల్లవాడు, నేను. పిల్లవాడి తల్లిదండ్రులు ముందురోజే బస్సులో వెళ్లి అక్కడ గది చూసుకుని ఉన్నారు.

కోరుట్లలో చాయ కోసం ఆగితే డ్రైవరు అలవాటు కొద్దీ బానెట్ ఎత్తాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, నూనె చూసే కమ్మి తనంతల తానే పైకి లేచింది. వాసన గూడ ఒస్తుంది. ఏందిది? ఎన్నడు గిట్ల కాలే."

చాంబరులో గాలి బిగిస్తే ముందు ఆ కమ్మినే పైకి తోస్తుంది. అంతకంటే తేటగా ఇంజన్ చెప్పలేదు. నేను కమ్మిని బొటనవేలితో లోపలికి ఒత్తి, "ఏం కాదన్నా, కొత్త బండికి గట్లనే ఉంటది" అన్నాను. అప్పుడు చెప్పి ఉంటే కండె పీకడానికి రెండు నిమిషాలు చాలు. పటేల్ పక్కనే ఉన్నాడు, చాయ తాగుతున్నాడు. ఆయన ముందు నా పనిని నేనే పీకేయడం నామోషీ అనిపించింది. నాకు రాదని ఒప్పుకున్నట్టు అవుతుందని.

డ్రైవరు నమ్మాడు. నమ్మి కూడా నిదానంగా పోదాం పటేలా అన్నాడు. ముహూర్తం దాటిపోతది, తొక్కు అన్నాడు పటేల్. మెట్‌పల్లి దాటాం. ఆ తర్వాత ఒక చిన్న ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ శబ్దం మారింది. డ్రైవరు కాలు తీశాడు. శబ్దం తగ్గలేదు, పెరిగింది. వెనక నీలి పొగ కమ్మేసింది, రోడ్డు కనపడలేదు. తాళం చెవి తిప్పేశాడు. ఇంజన్ ఆగలేదు. గేరు తీసి బ్రేకు వేసి బండిని పక్కకు నిలిపాడు. బండి నిలిచింది గానీ ఇంజన్ అరుస్తూనే ఉంది, ఇంకా ఇంకా పెద్దగా, ముక్కలై లేచిపోతుందేమో అన్నట్టుగా.

ఇక్కడ మా మగతనం గురించి చెప్పాలి. మొదట తలుపు తీసుకుని దూకింది పటేల్. ధోవతి కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, తల్లిని, మనవడిని వెనక సీట్లో వదిలేసి, రోడ్డు పక్కన చేనులోకి పరిగెత్తాడు. రెండోవాడిని నేను. ఊళ్లో టర్బో తెలిసిన ఒక్కడే ఒక్కడు పత్తి చేనులో నిలబడి చూస్తున్నాడు. అవ్వ పిల్లవాడిని ఒళ్లో అదుముకుని, తన పక్క తలుపు ఎలా తెరవాలో తెలియక సదువులమ్మను పిలుస్తూ ఉంది.

డ్రైవరు దిగలేదు. నాలుగో గేరు వేశాడు, బ్రేకు మీద నిలబడ్డట్టుగా తొక్కాడు, క్లచ్ ఒక్కసారి వదిలేశాడు. బండి మొత్తం ముందుకు ఊగి, గజగజ వణికి, ఇంజన్ చచ్చింది. అప్పుడు దిగి వెనక తలుపు తీసి ముందు పిల్లవాడిని, తర్వాత అవ్వను దింపి నీడలో కూర్చోబెట్టాడు.

అతను తాళం చెవి మళ్లీ తిప్పి చూస్తే, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు అప్పుడు వెలిగింది. నూనె అంతా తగలబడిపోయాక.

నేను బానెట్ ఎత్తి, అందరికంటే ముందు చేసిన పని ఏమిటంటే, కండె పీకి నా జేబులో వేసుకోవడం. పటేల్ చేనులోంచి వచ్చి, ధోవతి దులుపుకుని, డ్రైవరును చెంప మీద కొట్టినంత పని చేశాడు.

"ఒరేయ్, రేసు తోల్తవారా? పిలగాన్ని సంపుదామనుకున్నవారా?"

"నేను కాలు తీసిన పటేలా. తాళం గూడ తీసిన. బండి దానంతటదే..."

"బండి దానంతటదే ఉరుకుతదా? గుర్రమారా అది?"

అవ్వ ఏదో అనబోయింది. కొడుకు కళ్లు చూసి పిల్లవాడిని మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. డ్రైవరు నా వైపు చూశాడు. మెకానిక్ చెబుతాడని చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా బానెట్‌లోకి తల పెట్టి ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

వారం తర్వాత షోరూం ఇంజనీరు వచ్చాడు. బ్రీదర్ పైపు తెరిచే ఉంది మరి, నేను పీకేశాను కదా. సెన్సర్ తీసి చూశాడు, బాగానే పని చేస్తోందన్నాడు. అది బాగానే పని చేసింది నిజమే, దానికి చెప్పని సంగతి అది చెప్పలేదు, అంతే. చివరికి డ్రైవరు తప్పు వల్ల ఇంజన్ అతివేగంగా తిరిగిందని కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు. పటేల్ ఆ కాగితం చూపించి డ్రైవరును పంపించేశాడు. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఏళ్లు తోలిన మనిషిని. టౌనులో ఆ మాట పాకింది. పసిపిల్లవాడు ఉన్న బండిని రేసు తోలినవాడని. ఇంకెవరూ అతని చేతికి స్టీరింగ్ ఇవ్వలేదు.

అతను నా షాపుకు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నౌకరి పోయిందని కాదు తమ్మీ. రేసు తోలిండు అన్న మాట ఒక్కటి పోవాలె. ఆ మాట మీద నాకు నిద్ర పడ్తలేదు. నువ్వు మిస్త్రీవి, నువ్వు చెప్తే పటేల్ ఇంటడు. ఇంజన్ల ఏదో ఖరాబ్ ఉన్నదని ఒక్క మాట చెప్పు."

చెప్త అన్నా అన్నాను. మూడు వారాలు వెళ్లలేదు. అతను ప్రతి వారం వచ్చి నిలబడి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేవాడు. నాలుగో వారం ఇక భరించలేక పటేల్ ఇంటికి వెళ్లాను. కండె సంగతి మొత్తం చెప్పేశాను. పటేల్ ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన వక్క కొరుకుతూ విన్నాడు.

"నాకు ఎరుక కాదనుకున్నవా మిస్త్రీ? గా రోజే సమజైంది, నువ్వు జేబుల ఏదో ఏసుకుంటుంటే. అయితే ఏం జెయ్యమంటవ్? నీ ముగ్గు కోసం నీ మునిమనవని పానం మీదికి తెచ్చినమని మా అవ్వకు చెప్పాల్నా? ఆమె బతుకుతదా? నీ పేరు గూడ బయటికొస్తది, ఆలోచించుకో. నీ దగ్గరికి బండి ఎవడు తెస్తడు? వానిదేముంది, పిల్లలు పెద్దగైన్రు, కూసుండి తింటడు."

నేను ఆలోచించుకున్నాను. ఆయన చెప్పినట్టే ఆలోచించుకున్నాను. లేచి వస్తుంటే, ఇంజన్ విప్పి నువ్వే బాగు చెయ్యి, షోరూం వాళ్లకు ఇయ్యను అన్నాడు. సరే పటేలా అన్నాను. ఆ బండిని తర్వాత నాలుగేళ్లు నేనే చూసుకున్నాను. గేటు బయటే నిలిపేవాళ్లు.

డ్రైవరు మళ్లీ వచ్చినప్పుడు, "చెప్పిన అన్నా. పటేల్ ఇనలే" అన్నాను. రెండు మాటలూ నిజమే. అంతకంటే పచ్చి అబద్ధం నేను జీవితంలో ఆడలేదు. అతను నా భుజం పట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అడిగినవ్ గద, అంతే చాలు తమ్మీ అన్నాడు.

ఆ దసరాకు నన్ను భోజనానికి పిలిచాడు. వెళ్లకుండా ఉండడానికి సాకు దొరకలేదు. ఇంట్లో చుట్టాలు, ఇరుగుపొరుగువాళ్లు పదిమంది ఉన్నారు. గుమ్మం దగ్గరే నా చేయి పట్టుకుని అందరికీ చూపించాడు. "పటేల్ ముంగట నా దిక్కు మాట్లాడినోడు గీ తమ్మి ఒక్కడే. తన గిరాకి పోతదని గూడ చూడలే" అన్నాడు. వాళ్లంతా లేచి నాకు చోటిచ్చారు. అతని భార్య అందరికంటే ముందు నాకు వడ్డించింది. మటన్ ముక్కలు ఏరి ఏరి నా కంచంలో వేసి, నీ అసొంటోడు ఒక్కడుంటే చాలు బిడ్డా అంది. నేను తలొంచుకుని తిన్నాను. కూర బాగుందన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.